వడ్లలోకి దిగిన రెండు చక్రాలు

ఎవరైనా పారిపోతుంటే చూస్తూ ఊరుకోవడం మా ఆయనకు చేతకాదు. పెళ్లయిన కొత్తలో, నా చేతిలోని అరటిపండ్ల సంచి లాక్కుపోయిన కోతి వెంట సంతంతా ఉరికాడు. కోతి దొరకలేదు, ఒక చెప్పు మాత్రం పోయింది. అలాంటి మనిషికి ప్రభుత్వం పిలిచి మరీ పోలీసు జీపు ఇచ్చి నడపమంది. ఏ స్టేషనో చెప్పను. చెబితే ఆయనను సంజాయిషీ రాసిమ్మంటారు, ఆ రాసే పని మళ్లీ నా మీదే పడుతుంది.

మేం ఇప్పుడు కొత్తకోటలో అద్దెకుంటున్నాం. అంతకుముందు ఆయన గద్వాలలో, ఆ తర్వాత నాగర్‌కర్నూల్‌లో పనిచేశాడు. వెంటాడిన బండ్ల కథలు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా బయటికి వస్తాయి. గద్వాలలో హెల్మెట్ లేక, పోలీసులను చూసి బండి వెనక్కు తిప్పిన ఒకాయనను నాలుగు సందులు తిరిగి పట్టుకున్నాడట. తీరా చూస్తే ఆయన నేతపని చేసే మనిషి, బండి ముందు మగ్గం మీంచి అప్పుడే కోసిన చీరల మూట ఉంది. ఆ పెద్దమనిషి చలానుకు భయపడలేదు, మూటకు మన్ను అంటిందని మా ఆయనను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఈ కథ చెప్పేటప్పుడు మా ఆయన తిట్లు ఎగరగొడతాడు. అవి నాకు ఆయన తోటి ఉద్యోగి చెప్పాడు.

"తప్పు లేనోడు ఎందుకు ఉరుకుతడు, చెప్పు?" అంటాడు ముద్ద కలుపుతూ. మొత్తం వాదన అంతే.

"బండికి నంబరుంటది, నంబరుకు ఇల్లుంటది. పొద్దుగాల పోయి తలుపు కొట్టు. ఇల్లు నెత్తిన పెట్టుకొని ఉరుకుతడా?" అంటాను నేను.

"నంబర్ దొంగదైతే?"

"అయితే గాని. నువ్వు ఎంటవడితే ఇంకింత జోరుగ పోతడు. ఆడు పడ్డా ఎవరికో కొడుకే, నువ్వు పడ్డా నా పిల్లలకు నాయినవే."

ఆ మధ్య పోలీసులను తప్పించుకోబోయి ఎవరో బండితో సహా కాలువలో పడ్డాడని ఫోన్లలో వీడియో తిరిగింది. దాన్ని నేను ఆయన కంచం పక్కన పెట్టి చూపించాను. ఆయన చూసి, నాగర్‌కర్నూల్ సంగతి ఎత్తాడు. అక్కడున్నప్పుడు తాగిన మనిషి చేతిలో తూలుతూ వచ్చిన ఒక కారును పై సారు వదిలెయ్యమంటే వదిలేశాడు. అది ముందు ఊళ్లో మేకలు తోలుకుపోతున్న మనిషిని గుద్దింది. ఆ మనిషి ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. "గాయన ఎవరికేమైతడు?" అని అడిగాడు మా ఆయన. నేను ఆయన కంచంలో చారు పోశాను.

ఇక మా నాయన గురించి చెప్పాలి. మా పుట్టింటి ఊరు వనపర్తి తోవలోనే ఉంది. పల్లికాయ తప్ప ఇంకోటి పండని మెట్ట భూమి మాది. ఎత్తిపోతల నీళ్లొచ్చాక కొంత చెక్కలో వరి వేస్తున్నాడు. ఆయనకొక మోపెడ్ ఉంది, దాని కాగితాలన్నీ ఉన్నాయి. లైసెన్సు మాత్రం లేదు. అడిగితే, "ఎడ్లబండికి అడిగిండ్రా ఎవరన్న?" అంటాడు.

మా నాయనకు ఇంకొక పద్ధతి ఉంది. అల్లుడితో సూటిగా మాట్లాడడు. ఆయన ఎదురుగా మంచం మీద కూర్చోడు. ఏదైనా ఉంటే, "అల్లునికి చెప్పు బిడ్డా, చాయ్ చల్లారుతున్నది" అని నాకు చెబుతాడు. అల్లుడు అక్కడే, చేయి చాపితే అందేంత దగ్గర కూర్చుని ఉంటాడు. అయినా నేను చెప్పాల్సిందే. పదకొండేళ్లుగా వాళ్లిద్దరి మధ్య నా ఉద్యోగం అది.

పోయిన వానాకాలం పంట కోతలప్పుడు జరిగింది ఇది. ఒక మధ్యాహ్నం మా నాయన ఒక నాటుకోడిని సంచిలో వేసి, తల బయటికి వదిలి, మోపెడ్ ముందు పెట్టుకుని మా ఇంటికి బయల్దేరాడు. దుమ్ముకు ముఖమంతా తువ్వాలు చుట్టుకున్నాడు. మూలమలుపు దగ్గర పోలీసులు బండ్లు ఆపి చూస్తున్నారు. జీపు పక్కన నిలబడ్డ అల్లుణ్ణి మా నాయన దూరం నుంచే గుర్తుపట్టాడు. వెంటనే బండి వెనక్కు తిప్పాడు.

అల్లుడికి కనబడింది ఏమిటంటే, ముఖం కప్పుకున్న ఒక మనిషి, ముందర కదులుతున్న ఒక సంచి. ఇక ఆగుతాడా? పై సారు ఫోన్లో ఉన్నాడు, ఆయన ఎక్కీ ఎక్కకముందే జీపు కదిలింది.

ఆ మోపెడ్ ఎంత పోగలదో నాకు తెలుసు. దాని మీద కూర్చుంటే పక్కన నడిచే మనిషితో ముచ్చట పెట్టొచ్చు. అయినా ఆ రోజు ఎక్కడి జోరో వచ్చింది దానికి. నాయన పెద్దరోడ్డు వదిలి పక్క ఊరి తోవ పట్టాడు. ఆ తోవలో సగం రోడ్డు మీద ఒక ముసలమ్మ వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచు వెంట రాళ్లు పెట్టింది. కోతలప్పుడు మా దిక్కు రోడ్లన్నీ కళ్లాలే. మిగిలిన సగంలో ఎదురుగా గడ్డిమోపుల ట్రాక్టర్ వస్తోంది. పారిపోయే మనిషి ఎవరైనా రాళ్లు తప్పించి వడ్ల మీది నుంచి పోతాడు. మా నాయన చెప్పులతో కూడా వడ్ల మీద కాలు పెట్టడు. బ్రేకు వేశాడు. రాళ్లివతలికి చెదిరిన గింజల మీద చక్రం జారి, మనిషి ఒక పక్క, బండి ఒక పక్క పడ్డాయి.

వెనకే జీపు. ముందు పడ్డ మనిషి, ఆయన అవతల ట్రాక్టర్, ఎడమ పక్క వడ్లు. మా ఆయన స్టీరింగ్ వడ్ల వైపు తిప్పాడు. రాళ్లు ఎగిరిపోయి, రెండు చక్రాలు వడ్లలోకి దిగి జీపు ఆగింది. నాయన తలకు, ముందు చక్రానికి మధ్య ఎంత దూరమని తర్వాత అడిగితే మా ఆయన మాటతో చెప్పలేదు. బొటనవేలు, చిటికెన వేలు చాపి జానెడని చూపించాడు.

తువ్వాలు జారిన ముఖం చూసి "మామా!" అని అరిచాడట. మణికట్టు పట్టుకుని లేవబోతూ మా నాయన, పదకొండేళ్లలో మొదటిసారి, అల్లుడి ముఖంలోకి చూసి సూటిగా అన్న మాట ఇది: "వడ్ల మీదికెందుకు ఎక్కిచ్చినవ్ బిడ్డా?"

ముసలమ్మకు ఎవరు ఎవరికి ఏమవుతారో అక్కర్లేదు. "మీ బండ్లు పాడుగాను! ఎవడు దొంగ, ఎవడు పోలీసు మీలో? ఇద్దరూ ఎత్తుండ్రి నా వడ్లు!" అని చీపురు అందుకుంది. మా నాయన ఒంటి చేత్తో ఎత్తాడు, మా ఆయన రెండు చేతులా ఎత్తాడు. చివరికి పై సారు కూడా టోపీ తీసి వంగాడట. కోడి మాత్రం సంచిలోంచి దర్జాగా బయటికొచ్చి, దొరికిన కాడికి తిన్నది.

నాకు ఫోనొచ్చి దవాఖానకు పోయేసరికి నాయన మణికట్టుకు పట్టీ వేస్తున్నారు. అల్లుడు గోడకు ఆనుకుని ఉన్నాడు, బూట్లకు ఇంకా పొట్టు అంటుకునే ఉంది. ఎందుకు ఉరికినవ్ నాయినా అని అడిగాను.

"ఆగితే అల్లుడు నాకు చలాను రాయాలె. రాస్తే మామకే రాసిండని ఊర్ల నవ్వుతరు. రాయకుంటే పై సారు ముంగట ఆయనకు మాటొస్తది. రెండూ ఎందుకని మళ్లిన" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అల్లునికి చెప్పు బిడ్డా, పరేషాన్ కావొద్దని" అన్నాడు.

అల్లుడు అక్కడే ఉన్నాడు, విన్నాడు. పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నాకైతే ముందు కోపమే వచ్చింది. నలుగురున్నారని కూడా చూడకుండా ఇద్దరి మీదా అరిచాను. "ఆయనకేమో ఉరికినోన్ని పట్టుకోవాలె, నీకేమో ఆయన ఇజ్జత్ కాపాడాలె. మీ ఇద్దరి నడుమ జానెడు సందు మిగిలింది గాబట్టి నాకు నాయిన మిగిలిండు!" అరవడం అయ్యాక ఏడ్చాను. ఇద్దరూ ఒకేసారి నాకు నీళ్ల గ్లాసు అందించబోయారు.

మర్నాడు మా ఆయన ముసలమ్మ దగ్గరికి పోయాడు, నలిగిన వడ్లకు బదులు మా నాయన ఇంటి నుంచి ఒక తట్టెడు తీసుకుని. ఆమె తట్ట తీసుకుని, "వచ్చినవ్ గదా, చెప్పులిడిచి జర వడ్లు తిప్పిపో" అన్నదట. ఖాకీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వడ్లలో కాళ్లీడుస్తూ అటూ ఇటూ తిరిగాడు. ఎవరో ఫోటో తీశారు. అది నా దగ్గర ఉంది, అవసరానికి పనికొస్తుందని దాచాను.

మా నాయనకు ఇప్పుడు లైసెన్సు ఉంది. పోలీసు కనబడితే చాలు, ఆపమనకపోయినా ఆపి, జేబులోంచి తీసి చూపించి గాని కదలడు. పాపం, వాళ్లకే విసుగు.

మొన్న ఒక సాయంత్రం వనపర్తి నుంచి ఆటోలో వస్తున్నాను. అదే మూలమలుపు, అదే జీపు. మా ఆయన నన్ను చూడలేదు. మా ముందు పోతున్న ఒక స్కూటర్ టక్కున వెనక్కు తిరిగింది. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ ఒకడు మోటార్‌సైకిల్ మీదికి ఎగిరాడు. మా ఆటో వాళ్ల పక్కనే ఆగేసరికి, మా ఆయన పోయి దాని తాళంచెవి మీద చేయి పెట్టాడు.

"తూలుతున్నడా?"

"లేదన్నా, మంచిగనే పోతుండు."

"అయితే నంబర్ రాసుకో. పొద్దుగాల ఇంటికి పోయి అడుగుదం. ఎవరి మామనో ఏమో" అన్నాడు.

ఆటోలో నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఇంటికి పోయాక ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. కంచంలో ఇంకొక గరిటె కూర వేశాను.