పొట్టకు గాజు తొడిగించుకున్నాక

కస్టమర్ చెయ్యి నా చేతిలో ఉండగానే నిద్రపోయాను. ఏదో తేడాగా ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

మాది లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణం. మా మామగారి తండ్రి పెట్టింది. పెళ్లయి వచ్చిన కొన్నాళ్లకే మా అత్తమ్మ నన్ను దుకాణంలో తన పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. చెయ్యి పట్టుకోగానే సైజు చెప్పాలి. గాజు బిగుతుగా ఉంటే కుంపటి మీద వేడి చేసి, కర్రకు తొడిగి కొద్దిగా సాగదీయాలి. నొప్పి తెలియకుండా ఎక్కించాలి. ఈ పనిలో నాకు మంచి పేరుంది. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే మా బజారుకొచ్చి అడగండి.

ఆ మధ్యాహ్నం ఒక పెళ్లికూతురికి గాజులు తొడుగుతున్నాను. అప్పుడే వేడి చేసిన గాజు నా కుడిచేతిలో ఉంది. ఆ తర్వాత నాకు తెలిసింది, ఆ పిల్ల తల్లి నా భుజం పట్టుకుని కుదపడం. "క్యా బాజీ, సోగయే క్యా?" అని నవ్వుతోంది ఆమె, నిద్రపోయావా అక్కా అని. వేడి గాజు నా ఒళ్లో పడి, చీరకు అంటుకుపోయింది. అదే ఆ పిల్ల చేతి మీద పడి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. మా ఆయన మాత్రం నవ్వలేదు.

"ఇగ కొన్ని దినాలు ఇంటికాడనే ఉండు పద్మా. నేను, అమ్మ చూసుకుంటం," అన్నాడు.

ఆయన మంచికే అన్నాడు. కానీ ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. దుకాణంలో నా చోటు పోతే ఇంట్లో నేనేం చేయాలి? గోడలకు గాజులు తొడగాలా?

వెనక్కి తిరిగి చూసుకుంటే లక్షణాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. నా గురకకు మా ఆయన హాల్లో పడుకునేవాడు. సంతోష్‌నగర్‌లో మా ఇల్లు రెండో అంతస్తు. మెట్లెక్కి తలుపు తాళం తీయడానికి ముందు కాసేపు గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. లావు మనుషులకు అంతేలే అనుకున్నాను. మా పుట్టింట్లో అందరమూ లావే.

మలక్‌పేటలో ఒక ఆస్పత్రికి వెళ్లాం. రక్త పరీక్షలు, థైరాయిడ్ టెస్ట్, చివరికి స్లీప్ స్టడీ. ఒళ్లంతా వైర్లు పెట్టి పడుకోమన్నారు. రిపోర్టు చూసి డాక్టరమ్మ చెప్పింది, "మీకు స్లీప్ ఆప్నియా ఉందమ్మా. నిద్రలో ఊపిరి ఆగిపోతోంది. మీరు పడుకుంటున్నారు గానీ నిద్రపోవడం లేదు. బరువు తగ్గాలి."

తగ్గాలని నాకూ తెలుసు. చపాతీలు తిన్నాను, జొన్నరొట్టెలు తిన్నాను, పొద్దున్నే తేనె నీళ్లు తాగాను. తగ్గినంతా తగ్గి, వడ్డీతో సహా తిరిగొచ్చేది. అప్పుడు ఆపరేషన్ల గురించి చెప్పారు. పొట్ట కోసి చిన్నది చేసేవి చాలామందికి చేస్తున్నారట. కోయడం అనగానే నేను లేచి నిలబడ్డాను. డాక్టరమ్మ కూర్చోమంది. "లోపలి పొట్టను కోయకుండా, దాని పైభాగానికి సిలికాన్ రింగు వేసేది ఇంకొకటుంది. గ్యాస్ట్రిక్ బ్యాండ్. ఈ మధ్య తక్కువగా వేస్తున్నాం. ఫాలో అప్ ఎక్కువ. కావాలంటే తీసేయొచ్చు," అంది.

తీసేయొచ్చు అన్న మాట నాకు నచ్చింది.

"బ్యాండ్ ఒక టూల్ మాత్రమే. పని మీరే చేయాలి," అని కూడా చెప్పింది. నేను తలూపాను. ఆపరేషన్‌కు ముందు ఎవరైనా అన్నింటికీ తలూపుతారు.

ఈ తిరుగుళ్లన్నింటికీ మా ఆయన నాతో వచ్చాడు. అత్తమ్మను మాత్రం తీసుకెళ్లలేదు. సూది చూస్తేనే ఆమెకు కళ్లు తిరుగుతాయి. "అమ్మకెందుకు ఫికర్, ఇంట్ల ఉండనీ," అన్నాడు ఆయన. నాకూ సబబే అనిపించింది.

మా ఇంటి అలవాటొకటి ఇక్కడ చెప్పాలి. మధ్యాహ్నం భోజనం దుకాణం వెనక గదిలోనే. అత్తమ్మ పెద్ద గిన్నెలో అన్నం, పప్పు, నెయ్యి కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ల చేతుల్లో ముద్దలు పెడుతుంది. కంచాలుండవు. చెయ్యి చాపితే ముద్ద. చెయ్యి వెనక్కి తీసుకుంటే అలిగినట్టు లెక్క. అప్పుడు బుజ్జగించి రెండు ముద్దలు ఎక్కువ పెడుతుంది. ఇన్నేళ్లలో ఆ ముద్దను నేను వద్దన్నది లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. చిన్న గాట్లు, కొంచెం నొప్పి. మొదట నీళ్లలాంటివి, తర్వాత మిక్సీలో వేసినవి, తర్వాత మెత్తటివి. పొట్ట చర్మం కింద పోర్ట్ అని చిన్న బిళ్ల పెట్టారు. అందులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే లోపల రింగు బిగుసుకుంటుంది. దాన్ని ఫిల్ అంటారు. ఒక్కసారే కాదు, చూసుకుంటూ కొంచెం కొంచెం ఎక్కిస్తారు.

బరువు తగ్గడం మొదలైంది. అందరూ సంతోషించారు. నాకే అంతా అయోమయంగా ఉండేది. ఆకలెక్కడ వేస్తోందో తెలిసేది కాదు. ఇదివరకు పొట్టలో వేసేది. ఇప్పుడు పొట్ట ఊరుకుంటుంది, నోరు అడుగుతుంది, కళ్లు అడుగుతాయి, కింద వీధిలోంచి సమోసా వాసన వస్తే చేతులు అడుగుతాయి. వీళ్లలో ఎవరి మాట వినాలి? నాలుగు చెంచాలు తినగానే ఛాతీలో ఏదో కూర్చున్నట్టు ఉండేది. అది కడుపు నిండడమా, గ్యాసా, గుండె నొప్పా? ఒకసారి గుండె నొప్పే అనుకుని మా ఆయన్ని పరుగు పెట్టించాను. చుట్టాలొచ్చి, "షుగరేమన్న వచ్చిందా? గట్ల గుంజుకపోతున్నవేంది?" అని జాలిపడి వెళ్లేవాళ్లు. లావుగా ఉన్నప్పుడూ వీళ్లే జాలిపడ్డారు.

చేతి గాజులు జారిపోతుంటే కొత్తవి తొడుక్కుందామని ఒక జత తీశాను. అవీ వదులే. ఇంకో జత తీస్తే బొటనవేలి దగ్గరే ఆగిపోయాయి. ఊరందరి చేతుల సైజు పట్టుకుని చెప్పేదాన్ని, నా చెయ్యి నాకే కొత్త మనిషి చెయ్యిలా ఉంది. ఆ రోజు ఏడుపొచ్చింది. ఎందుకో నాకే తెలియదు. తగ్గాలనే కదా ఇదంతా?

ఇంతలో బరువు తగ్గడం ఆగిపోయింది. తర్వాత మెల్లగా పెరగసాగింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఏం తింటున్నారు?" అని అడిగింది.

"మీరు చెప్పినట్టు మెత్తటివే."

"అంటే?"

చెప్పాను. మెత్తటివి తినమన్నారని మా ఆయన ఇంట్లో చెప్పాడు. అంతవరకే చెప్పాడు. అత్తమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. "ఆపరేషన్ అయిపాయె గదా, ఇగ ఫికరేంది? పాణం నీరసంగుంది బిడ్డా, గట్టివి వద్దు, ఇవి తిను," అని ఫాలూదా తెప్పించేది. ఖుబానీ మీఠా మీద మలాయి వేసేది. బాదం పాలు, నెయ్యి కారే రవ్వ కేసరి. అన్నం ముద్ద అడ్డం పడేదేమో గానీ ఇవన్నీ గొంతులోంచి హాయిగా జారిపోయేవి. ఆపరేషన్ బాగా పనిచేస్తోందని మేమందరం అనుకున్నాం.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఐస్‌క్రీమ్ కూడా మెత్తగానే ఉంటుంది కదమ్మా!" అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

ఆ స్వీట్లు మానేశాను. ఇంకో ఫిల్ చేశారు. బరువు మళ్లీ దిగింది. స్లీప్ స్టడీ మళ్లీ చేస్తే చాలా మెరుగని వచ్చింది. రంజాన్ దగ్గరికొస్తోంది. మా బజారులో నిలబడ్డానికి చోటుండని రోజులవి. "రేపటి సంది దుకాణానికి రా పద్మా," అన్నాడు మా ఆయన. ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది.

తిరిగొచ్చిన మొదటి రోజు మధ్యాహ్నం అత్తమ్మ నాకిష్టమని మామిడికాయ పప్పు చేసింది. చుట్టూ కూర్చున్నాం. ఎప్పటిలాగే నా చేతిలో ముద్ద పెట్టింది. బయట కస్టమర్లు ఎదురుచూస్తున్నారు. గబగబా తిన్నాను. రెండో ముద్దకు ముక్కు కారడం మొదలైంది. ఈ మధ్య తినేటప్పుడు తరచూ అలా కారుతోంది, తుమ్ములు కూడా వస్తున్నాయి. నేను దుమ్ము పడలేదనుకునేదాన్ని, అత్తమ్మ పడిశమని మిరియాల చారు పోసేది.

"పడిశం ఇంక పోలే బిడ్డా. వేడి వేడి అన్నం తింటే పోతది," అని అత్తమ్మ ఇంకో ముద్ద పెట్టింది. అది పెద్దది. చెయ్యి వెనక్కి తీసుకుందామనుకున్నాను. ఆమె ముఖం చూశాను. ఇన్నాళ్లకు కోడలు పక్కకొచ్చి కూర్చుందని ఎంత సంబరపడుతోందో! తినేశాను.

అది దిగలేదు. ఛాతీ మధ్యలో రాయిలా కూర్చుంది. నోట్లో చిక్కటి ఉమ్ము ఊరి ఊరి వస్తోంది. కొళాయి దగ్గరికి పరుగెత్తాను. కక్కినా పోదు, మింగినా పోదు. కస్టమర్లు తొంగి చూస్తున్నారు. ఆ తర్వాత గుక్కెడు నీళ్లు తాగినా తిరిగొచ్చేవి. పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. రేపటికి తగ్గుతుందని చూశాం, తగ్గలేదు. ఆస్పత్రిలో చేర్చారు.

బేరియం స్వాలో అని తెల్లటి సుద్దనీళ్లలాంటివి తాగించి ఎక్స్‌రే తీశారు. "బ్యాండ్ కొంచెం జారింది. ఇప్పుడే మొత్తం సెలైన్ తీసేస్తున్నాం. రెస్ట్ ఇస్తే సర్దుకోవచ్చు. సర్దుకోకపోతే, లేదా మళ్లీ జారితే, బ్యాండ్ తీసేయాల్సిందే," అంది డాక్టరమ్మ.

తీసేయొచ్చు అన్న మాట ఒకప్పుడు నాకు ధైర్యమిచ్చింది. ఇప్పుడు అదే మాటకు వణికిపోయాను. బ్యాండ్ పోతే బరువు వస్తుంది. బరువొస్తే ఆ పాడు నిద్ర వస్తుంది. అదొస్తే మళ్లీ నా చోటు పోతుంది. తప్పెక్కడ జరిగిందో కూడా నాకు అర్థం కాలేదు. నేను తిన్నది ఇంటి అన్నం, పెట్టింది ప్రేమగల మనిషి.

ఆ సాయంత్రం అత్తమ్మ ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి వచ్చేసింది. చేతికున్న సెలైన్ సూది వైపు చూడకుండా తల తిప్పుకుని, నా రెండో చెయ్యి పట్టుకుంది.

"నా ముద్దనే అడ్డం పడ్డదట గదా," అంది. ఆమె పెదవులు అదురుతున్నాయి.

అప్పుడే డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చింది, వెనకే మా ఆయన కూడా. అత్తమ్మ లేచి నిలబడి, "అసలు లోపల ఏం పెట్టిన్రు? నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి," అంది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పైన చిన్న సంచిలాంటి పౌచ్, దాని కింద రింగు, రింగులోంచి నమిలినదే మెల్లగా దిగడం. "సెలైన్ ఎక్కిస్తే బిగుసుకుంటుంది, తీస్తే వదులవుతుంది," అంది.

"గంతేనా? మేం గాజులకు చేసేదే గదా! చెయ్యిని చూసుకుంట సడలిస్తం, బిగిస్తం," అంది అత్తమ్మ. "ఎక్కని గాజును దబాయించి నూకితే చెయ్యి గీసుకపోతది. మరి చాలని ఎట్ల తెలుస్తది ఈ పిల్లకు?"

"ఒక్కొక్కరికి ఒక్కోలా తెలుస్తుందమ్మా. కొందరికి ఎక్కిళ్లు, కొందరికి తుమ్ములు. కొందరికి ముక్కు కారుతుంది. అది కనిపించగానే ఆపేయాలి."

అత్తమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. పడిశం అనుకుని ఇన్నాళ్లూ మిరియాల చారు పోసిన మనిషి ఆమె, తాగింది నేను.

తర్వాత ఆమెకు కోపమొచ్చింది. కొడుకునూ డాక్టరమ్మనూ కలిపి అందుకుంది. "గీ ముచ్చట నాకెందుకు చెప్పలే? ఇంట్ల తిండి పెట్టేది నేనాయె! మీరు మీరు మాట్లాడుకుంటే నాకు కల పడతదా?"

డాక్టరమ్మే మెల్లగా, "నిజమే అమ్మా, మిమ్మల్నే ముందు పిలవాల్సింది," అంది.

బ్యాండ్ సర్దుకుంది. చాలా వారాల తర్వాత మళ్లీ కొద్దికొద్దిగా ఫిల్ చేశారు, ఈసారి తొందర లేకుండా. ప్రతిసారీ అత్తమ్మ నాతో వస్తుంది. సూది వేసేటప్పుడు గోడ వైపు తిరిగి నిలబడుతుంది.

ఇప్పుడు దుకాణంలో నా చోట్లోనే కూర్చుంటున్నాను. అంతా తేలిపోయిందని మాత్రం చెప్పను. నిన్న దిగిన ఇడ్లీ ఇవాళ దిగదు, ఎందుకో తెలియదు. ఆకలికీ ఆశకూ తేడా కొన్ని రోజులు తెలుస్తుంది, కొన్ని రోజులు తెలియదు. అద్దంలో ఉన్నావిడతో నాకింకా పూర్తిగా పరిచయం కాలేదు. దీన్ని చదివేవాళ్లలో ఎవరికైనా ఇలాగే ఉంటే, మీరొక్కరే కాదని తెలియాలనే రాస్తున్నాను.

నేను ఇవ్వగలిగిన సలహా ఒక్కటే. ఈ ఆపరేషన్‌కు వెళ్లేముందు, మీ ఇంట్లో మీకు అన్నం పెట్టే మనిషిని డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లండి. అమ్మ కావచ్చు, అత్త కావచ్చు, భర్త కావచ్చు. భయపడతారని ఇంట్లో వదిలి వెళ్లకండి.

మా వెనక గదిలో ఇప్పటికీ కంచాలు లేవు. అందరికీ మామూలు ముద్దలు పెట్టి, నాకు మాత్రం శనగగింజంత పెడుతుంది అత్తమ్మ. "నములు," అంటుంది. నమిలి మింగి, చెయ్యి చాపుతాను. ఇంకోటి.

"సాలా?" అని అడుగుతుంది.

"తెల్వదత్తమ్మా."

"తెల్వకపోతే ఆగుదాం తియ్, తొందరేమున్నది," అని గిన్నెలో చెయ్యి అలాగే ఉంచి కూర్చుంటుంది. బయట నుంచి మా ఆయన కస్టమర్లొచ్చారని కేకేస్తే, "ఆగుమను," అంటుంది. చూపు మాత్రం నా ముఖం మీద నుంచి తిప్పదు. అంతలో నా ముక్కు దగ్గర తడి మెరుస్తుంది కాబోలు, నాకింకా తెలియనే తెలియదు, ఆమె తన కొంగుతో తుడిచి, గిన్నె మీద మూత పెట్టేస్తుంది.