రొయ్యలు ఎర్రబడితే ఏం చెయ్యాలి?

మొన్న మలికిపురంలో నా పరువు ఎలా పోయిందో మీకింకా ఎవరూ చెప్పలేదా? ఆశ్చర్యంగా ఉందే! రాజోలు బస్టాండులో అందరికీ తెలిసిపోయింది. సరే, టీ తాగుతూ వినండి, నేనే చెప్పేస్తాను. ఇంకొకరి నోట వింటే ఇంకా ఘోరంగా ఉంటుంది.

రాజోల్లో నాదొక చిన్న ల్యాబ్ కదా. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసి, ఏ జబ్బుకి ఏం చెయ్యాలో రైతులకి చెబుతుంటాను. సీజనొస్తే ఫోను చెవి దగ్గర్నుంచి దిగదు. అడిగిందే అడుగుతారు, చెప్పిందే చెబుతాను. అలాంటప్పుడు ఓ వీడియోలో చూసేను, మన కంప్యూటర్లో ఉన్న ఫైళ్ళన్నీ చదివి, ఏఐ ఏజెంటు మెమరీలోకి ఎక్కించే టూల్ ఒకటుందట! ఫోల్డర్ చూపిస్తే చాలు. తర్వాత ఏమడిగినా మన ఫైళ్ళలోంచే వెతికి చెబుతుంది. అదీ నోటితో, చక్కటి తెలుగులో!

ఇంకేం! ఇన్నేళ్ళుగా నేను టైపు చేసుకున్న నోట్సంతా దాంట్లో పడేస్తే ఇంకో ప్రసాద్ తయారైనట్టే కదా. అదీ ఎవరినీ విసుక్కోని ప్రసాద్.

ఇన్‌స్టాల్ చేసేను. ఏ ఫోల్డర్ లోడ్ చెయ్యమంటారని అడిగింది. డాక్యుమెంట్స్ మీద నొక్కేను. మొత్తమా అంది. నేనేదో జమీందార్ని అయినట్టు "మొత్తం" అన్నాను. అక్కడే కొంప మునిగింది.

ఎందుకంటే ఆ లాప్‌టాప్ నా ఒక్కడిదీ కాదండీ. మా ఆవిడ ఎస్తేరు స్కూల్ టీచరు. వాళ్ళ చర్చి స్త్రీల సమాజం వంటల పుస్తకం వేస్తోంది, టైపింగంతా ఈవిడదే. చేపలు, పీతలు... రొయ్యలకైతే ఏకంగా ఒక చాప్టరే! అదంతా నా నోట్సు పక్కనే ఉంది. తెలియక కాదు. నొక్కేటప్పుడు గుర్తు రాలేదు, అంతే.

ఇంట్లో ఒకసారి టెస్ట్ చేసేను. "వానపడ్డాక చెరువులో సున్నం ఎప్పుడు వెయ్యాలి?" అన్నాను. టకటకా చెప్పేసింది, అచ్చం నా మాటలే. పొంగిపోయేను. ఇంకో ప్రశ్న అడిగి ఉంటే నా బతుకు బాగుపడేది!

మర్నాడు మలికిపురంలో రైతుల మీటింగు. మేత కొట్టు మేడమీద హాలు. లాప్‌టాప్‌కి పెద్ద స్పీకర్ తగిలించి, "ఇకనుంచి అర్ధరాత్రయినా అపరాత్రయినా దీన్నే అడగొచ్చండి, నా తలకాయంతా ఇందులోనే ఉంది" అని ఉపన్యాసం ఇచ్చేను.

ముందువరసలో సత్తిబాబుగారు కూర్చున్నారు. సఖినేటిపల్లి వైపు ఆయనకి చెరువులున్నాయి. ఆయన మాటంటే ఆ చుట్టుపక్కల రైతులందరికీ గురి. ఈ సీజనుకి తన చెరువులన్నీ నాకు అప్పజెబుదామా అని చూస్తున్నారు. నేను వేసిన వేషమంతా ఆయన కోసమే.

వెనకనుంచి ఒకాయన లేచేరు. "నీళ్ళలో ఉప్పెంత ఉండాలండీ?"

స్పీకర్లోంచి తియ్యటి ఆడగొంతు. "రుచికి తగినంత అండీ."

"నెట్ సరిగ్గా లేదండి" అని నవ్వేసేను.

అప్పుడు సత్తిబాబుగారు లేచేరు. మనిషి నవ్వే స్థితిలో లేరు. "ప్రసాదుగారూ, పొద్దున్నుంచీ మా చెరువులో రొయ్యలు ఎర్రబడుతున్నాయండి. గట్టు వారకి వచ్చేస్తున్నాయి. ఏం చెయ్యాలో అడగండి."

నేను అడగక్కర్లేకపోయింది. అది వినేసింది.

"చాలా సంతోషమండీ! రొయ్యలు ఎర్రబడ్డాయంటే నీరు ఇగిరిపోతోందన్నమాట. ఇప్పుడు సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి మూత పెట్టండి."

"చెరువుకి మూతేంటండీ?" అన్నారు సత్తిబాబుగారు.

వెనకాయన పుస్తకం తీసి రాసుకుంటున్నారు. "ఎకరానికి ఎన్ని ఉల్లిపాయలండీ?"

"మీ ఇష్టాన్ని బట్టి వేసుకోవచ్చండి" అంది.

నేను ఆపాలని నొక్కుతున్నాను, కంగారులో ఇంకేదో నొక్కేసరికి వాల్యూమ్ పెరిగింది! "చివరగా కొత్తిమీర చల్లి దింపుకోండి. వేడివేడి అన్నంలోకి చాలా బాగుంటుంది!" మేడ కింద కొట్లో వాళ్ళకి కూడా వినపడింది.

హాలంతా గొల్లుమంది. కుర్చీలు ఊగిపోతున్నాయి. సత్తిబాబుగారొక్కరూ నవ్వలేదు. "పంట పోతుందేమోనని నేనేడుస్తుంటే, ఆవిడ వడ్డించేస్తున్నారేంటండీ?" అన్నారు.

ఆ మాటకి నాకు నవ్వూ రాలేదు, సిగ్గూ రాలేదు, భయమేసింది. లాప్‌టాప్ మూసేసేను. "బండి తీయండి, చెరువు దగ్గరకి పోదాం" అన్నాను.

వెళ్ళి చూస్తే ఒక మూల ఏరేటర్లు, అంటే నీళ్ళకి గాలి పట్టించే మిషన్లు, కరెంటు ట్రిప్పయి ఆగిపోయి ఉన్నాయి. రొయ్యలకి ఊపిరాడక గట్టు వారకి చేరేయి. మిషన్లు నడిపించి, ఆ పూట మేత ఆపించి, నీళ్ళు పట్టుకొచ్చి ల్యాబ్‌లో చూసేను. జబ్బేం లేదు. సాయంత్రానికి రొయ్యలు మళ్ళీ లోపలికి దిగేయి. గట్టుమీద సత్తిబాబుగారు తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, అప్పుడు మొదలెట్టేరండీ నవ్వడం! ఆగరే! ఆఖరికి, "చెరువులన్నీ మీరే చూడండి ప్రసాదుగారూ. కానీ మీరే రావాలండి, ఆవిణ్ణి పంపకండి" అన్నారు. మళ్ళీ తనే, "గొంతు మాత్రం మీకన్నా మర్యాదగా ఉందండి" అన్నారు.

ఇంటికెళ్ళి ఎస్తేరుకి జరిగిందంతా చెప్పేను. కోప్పడుతుందనుకున్నాను. గరిట పట్టుకుని మొత్తం విని, "అంతమంది ముందు నా రొయ్యల ఇగురు చదివించేరా? అది ఎస్తేరు చేసే ఇగురని చెప్పేరా లేదా?" అంది. లేదన్నాను. అప్పుడు కోప్పడింది.

టూల్‌లోంచి ఫైళ్ళన్నీ తీసేసి, నా నోట్సొక్కటే మళ్ళీ ఎక్కించేను. ఇప్పుడది బుద్ధిగా చెబుతోంది. కానీ ఏం లాభం!

నిన్న పొద్దున్న ల్యాబ్ తలుపు తీస్తున్నాను. ఎవరో కొత్తాయన, చేతిలో చెరువు నీళ్ళ సీసాతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. గోడమీద బోర్డులో నా పేరు, దానికింద నా డిగ్రీ, ఇంతింత అక్షరాలతో ఉన్నాయి. ఆయన వాటివైపు చూడనైనా చూడకుండా అడిగేరు. "ఏవండీ, ఇగురు సారుగారి ల్యాబ్ ఇదేనాండీ?"

నేను బోర్డువంక ఒకసారి చూసేను. ఆయన వంక ఒకసారి చూసేను.

"ఆయ్, ఇదేనండి. లోపలికి రండి."