ఈత కొట్టకూడని స్విమ్మింగ్ పూళ్లు

నా మోకాళ్లు చూసిన డాక్టరు ఈత కొట్టమన్నాడు. "మాత్రలు తర్వాత చూద్దాం మేడమ్. ముందు స్విమ్మింగ్ మొదలుపెట్టండి. మన పక్క కూడా ఇప్పుడు పూల్స్ బోలెడు వచ్చినాయి గదా," అన్నాడు.

నిజమే, బోలెడు వచ్చాయి. నా కాపురం పెనుకొండలో, ఉద్యోగం ధర్మవరంలో ఒక హైస్కూల్లో. రోజూ బస్సు కిటికీలోంచి కనిపించేవే: రాళ్లగుట్టలు, వేరుశనగ చేలు, గొర్రెల మందలు, వాటి మధ్య హఠాత్తుగా ఒక పెద్ద ఫ్లెక్సీ. అందులో నీలం నీళ్లు, పక్కన నల్లద్దాలు పెట్టుకుని పడుకున్న ఒక తెల్లమ్మాయి. ఆ పిల్ల జన్మలో మా ఎండ చూసి ఉండదు. లేఅవుట్‌కు రోడ్డు పడకముందే పూల్ పడుతుంది. పెళ్లిళ్ల హాలుకు పూల్, డాబా హోటలుకు పూల్. మా వీధి కొళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో వదిలేవాడికే తెలియదు గానీ, ట్యాంకర్లు మాత్రం వరసగా ఆ పూళ్ల వైపే పోతుంటాయి. ఈదేవాళ్లు లేని చోట ఇన్ని పూళ్లు ఎందుకని నేను అడగలేదు. నాకు ఒకటి కావాలి, అంతే.

మొదట పెనుకొండ బయట ఉన్న లేఅవుట్‌కు వెళ్లాను. ముందు ఆర్చి ఘనంగా ఉంది. లోపల ఒక్క ఇల్లూ లేదు. వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు.

"ప్లాట్లు కొన్నోళ్లకేమ్మా, బయటోళ్లకు ల్యా."

"కొన్నవాళ్లు వచ్చి దిగుతారా?"

"యాడ దిగేది? నీళ్లే ల్యాకపాయ."

తొంగి చూశాను. నీలం టైల్స్ మీద వేరుశనక్కాయలు ఎండబోసి ఉన్నాయి. కోతుల బెడద ఉందేమో, పైన వల కూడా కట్టాడు. ఆ తర్వాత నేను చూసిన వాటిని తలుచుకుంటే, ఒక పనికొచ్చే పని చేస్తున్న పూల్ అదొక్కటే.

ధర్మవరంలో పెళ్లిళ్ల హాలు వెనకున్న పూల్‌కు సాయంత్రం బడి వదిలాక వెళ్లాను. నీళ్లున్నాయి, నీళ్లనిండా మగవాళ్లున్నారు. ఒక్కడూ ఈదడం లేదు. నడుముల్లోతున నిలబడి, ఫోన్లు తడవకుండా చేతులు పైకెత్తి, ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు ఉన్నారు. ఆడవాళ్లకు వేరే టైముందా అని కౌంటర్లో అడిగాను.

"ల్యాదు మేడమ్. బర్త్‌డే పార్టీ ఏమన్నా ఉంటే జెప్పండి, మొత్తం బుక్ చేసిస్తాం."

"నా మోకాళ్లకు బర్త్‌డే ఎక్కడ చేసేదప్పా," అని వచ్చేశాను.

చివరికి హిందూపురం బయట ఒక రిసార్టులో ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్లకని ఒక గంట ఉందని తెలిసింది. చుట్టూ ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి ఆ గంటసేపు మమ్మల్ని నారుమొక్కల్లాగా కాపాడతారట. చీర వద్దు, చుడీదారు వద్దు, నైలాన్ డ్రెస్సే వేసుకోవాలి, అదీ వాళ్ల కౌంటర్లోనే కొనాలి. కొన్నాను. మెడనుంచి మడమల దాకా బిగుతుగా ఉన్న ఆ డ్రెస్సులో నన్ను నేను అద్దంలో చూసుకోకుండా బయటికొచ్చాను.

లోపల పాతికమందికి పైగా ఆడవాళ్లు. స్పీకర్లో పాటలు గుండెలదిరేలా మోగుతున్నాయి. ఇక్కడా అందరూ నిలబడే ఉన్నారు. నీళ్లను దోసిట్లో ఎగరేయడం, నవ్వడం, ఫొటో చూసుకోవడం, బాగా రాలేదని మళ్లీ ఎగరేయడం. నేను అవతల చివర లోతు ఉన్న వైపు దిగాను. ఎన్నేళ్లయింది నీళ్లలో పడుకుని! నాలుగు బారలు వేశానో లేదో, విజిల్. అక్కడున్న ఒకే ఒక్క మగవాడు, పసుపుపచ్చ టీషర్టు వేసుకున్న ఒకాయన, ఒడ్డున చెయ్యి ఊపుతున్నాడు. టీషర్టు మీద లైఫ్‌గార్డ్ అని రాసుంది.

"మేడమ్, అట్ల ఈత గొట్టగూడదు."

"స్విమ్మింగ్ పూలే కదా ఇది?"

"అవు మేడమ్. మీరు కాళ్లు గొడితే ఫోన్ల మీద నీళ్లు పడతాండాయంట. కంప్లైంట్ ఇచ్చినారు."

"మరి ఇక్కడ ఏం చేయాలి?"

"ఎంజాయ్ జేయండి," అన్నాడు.

నేను గోడ పట్టుకుని ఎంజాయ్ చేయడం మొదలుపెట్టాను. నాకు కొంచెం దూరంలో ఒక కుటుంబం ఫొటో తీసుకుంటోంది. ఫోన్ పట్టుకున్న అమ్మాయి వాళ్ల మేనత్తను వెనక్కి జరగమంటోంది. ఆమె నా వయసు మనిషే, ఒళ్లున్న మనిషి. పాపం, సిగ్గుపడుతూ నవ్వుతోంది. "ఇంగొంచెం ఎనక్కి పో అత్తా, ఫ్రేములో రాలే," అంటోంది పిల్ల. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకోటి వేసింది. అక్కడినుంచి నేల ఏటవాలుగా లోతుకు పోతుందని చెప్పే బోర్డు లేదు, తాడు లేదు. ఆమె నవ్వు మొహం అలాగే నీళ్ల కిందికి పోయింది.

ఒక చెయ్యి పైకొచ్చింది. పిల్ల ఇంకా ఫోన్లోంచే చూస్తోంది. లైఫ్‌గార్డ్ విజిల్ ఊదాడు. ఊదుతూ ఒడ్డున ఇటునుంచి అటు పరుగెత్తాడు, అటునుంచి ఇటు పరుగెత్తాడు. మునిగే మనిషిని విజిలేసి పైకి పిలుస్తున్నాడు.

మునిగేవాళ్లను ఎదురుగా పోయి పట్టుకోవద్దు, మనల్ని కూడా లాగేస్తారు అని ఒకప్పుడు ఈత నేర్పుతూ మా నాయన చెప్పిన మాట ఎక్కడినుంచో గుర్తొచ్చింది. ఆమె వెనకవైపుకు ఈదాను. జుట్టు దొరికింది, తర్వాత చంక దొరికింది. అయినా ఆమె తిరిగి నా మెడ పట్టుకుంది. ఇద్దరం ఒకసారి కిందికి పోయాం. ఆ క్షణం నాకు నిజంగా భయం వేసింది. చుట్టూ అంతమంది, అంత సంగీతం, ఇక్కడ పోతే ఎవరికీ తెలియదు కూడా అనిపించింది. కాలికి నేల తగలగానే బలంగా తన్నాను. మోకాలు చురుక్కుమంది. ఎలాగో మెట్ల దాకా ఈడ్చాను. ఆమె నీళ్లు కక్కింది, దగ్గింది, నా చెయ్యి వదల్లేదు. మేనకోడలు ఏడుస్తోంది. అప్పుడు పాట ఆపారు.

"నువ్వెందుకు దూకలేదు?" అని లైఫ్‌గార్డ్‌ను అడిగాను.

"నాకు ఈత రాదు మేడమ్," అన్నాడు. "విజిల్ ఊదేది నా డ్యూటీ. ఊదినా గదా?"

ఓనరు పరుగున వచ్చి నాకు శాలువా కప్పాడు. తడి నైలాన్ డ్రెస్సు మీద శాలువా. ఫొటో తీశారు. ఆమెకు ఎలా ఉందని మాత్రం అడగలేదు.

కొన్ని వారాలకు మళ్లీ వెళ్లి చూస్తే లోతు లేదు. ఆ చివరంతా కాంక్రీటు పోసి, పైన కొత్త టైల్స్ వేశారు. ఎక్కడ నిలబడినా నీళ్లు నడుముకే.

"సేఫ్టీ మేడమ్," అన్నాడు ఓనరు గర్వంగా. "ఇంగెవరూ మునగరు."

"ఇంకెవరూ ఈదలేరు కూడా."

"ముందు మాత్రం ఎవరీదినారు మేడమ్, మీరు దప్ప?"

జనం మునుపటికన్నా ఎక్కువయ్యారు. రోడ్డు మీది ఫ్లెక్సీలో శాలువాతో నేను, కింద "మీ భద్రతే మా బాధ్యత" అని. ఊళ్లో ఇద్దరు ముగ్గురు నాకు కంగ్రాట్స్ చెప్పారు.

ఆ మునిగినామె చిలమత్తూరు దగ్గర పల్లె మనిషి. ఒకరోజు అడ్రసు కనుక్కుని మా ఇంటికి వచ్చింది. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టి, "అక్కా, నాకు ఈత నేర్పు," అంది.

"భయం లేదా?"

"ఉండాది. అందుకే అడగతాండా. మా మల్బరీ తోటలో బోరు నీళ్లు పట్టే సిమెంటు తొట్టి ఉండాది. మనిషి మునిగేంత లోతు. నువ్వొస్తావా?"

వెళ్లాను. పాచి పట్టిన గోడలు, ఒక మూల బోరు పైపు, నాకు ఆరేడు బారల పొడవు. పాత చుడీదార్లు వేసుకుని దిగాం. మొదటి ఆదివారం ఆమె గోడ వదల్లేదు. రెండోసారి నా చేతుల మీద వెల్లకిలా పడుకుని, ఆకాశం చూసి, గట్టిగా నవ్వింది. ఇప్పుడు తొట్టి ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కతే వస్తుంది, నీళ్లన్నీ చిందరవందర చేస్తూ. నా మోకాళ్లు కూడా కొంచెం మాట వింటున్నాయి.

పోయిన ఆదివారం వాళ్ల మరిది బెంగళూరు నుంచి వచ్చి, గట్టున నిలబడి చాలాసేపు మమ్మల్ని చూశాడు.

"వదినా, దీనికి నీలం టైల్స్ ఏసి, నాలుగు లైట్లు పెడితే ఫామ్‌హౌస్ అని బాడుగకు ఇయ్యొచ్చు. బెంగళూరోళ్లు ఎగబడొస్తారు. లోతు మాత్రం సగానికి పూడ్చల్ల."

ఆమె మొహం మీది నీళ్లు తుడుచుకుంది.

"ముందు నువ్వు దిగప్పా," అంది.

అతను దిగలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. ఆమె రెండు కాళ్లూ కలిపి నీళ్లను గట్టిగా కొట్టింది.