ఆవాలు కలిపిన తేనె

మా అక్క తాస్య ఏళ్ల తరబడి మా ఊరు వొలోగ్దా జట్టులో రిజర్వు జిమ్నాస్టు. రిజర్వు అంటే అందరితో పాటు రైలెక్కి, అందరితో పాటు ఒళ్లు వేడెక్కించుకుని, తర్వాత బెంచీ మీద కూర్చుని జాకెట్ జిప్పు పైకీ కిందికీ లాక్కునే మనిషి. మా అమ్మ మాత్రం పక్కింటివాళ్లతో "మా పిల్ల జట్టులో ఉంది" అనేది. అబద్ధమేం కాదు. ఆ లెక్కన బస్సు డ్రైవరూ జట్టులోనే ఉన్నాడు.

ఆ చలికాలం లుకేర్యా అనే అమ్మాయి మోకాలు విరగ్గొట్టుకోవడంతో ఒక చోటు ఖాళీ అయింది. రష్యా ఛాంపియన్‌షిప్‌కి ఆమె బదులు ఎవరు వెళ్లాలో మా ప్రాంతపు పోటీలో, ఒకటి ఎత్తుగా ఒకటి కిందగా ఉండే జంట బార్ల మీద తేలిపోతుంది. అక్కకి ఇరవై ఏళ్లు. ఈ ఆటలో అది ముసలితనం. ఈసారీ తప్పితే ఇక చిన్నపిల్లలకు పిల్లిమొగ్గలు నేర్పుకుంటూ బతకాల్సిందే.

కోచ్ ఇన్నా ల్వోవ్నాకి అరవై దాటాయి, గొంతుకి మాత్రం ఇంకా పాతికే. రోజూ పొద్దున్నే అమ్మాయిలను తూకం మిషన్ ఎక్కించి, "రాత్రి ఏం మింగావే? ట్రాక్టరా?" అని అడిగేది. అక్క సంచి మోసుకుంటూ వెంట వెళ్లే నేనూ వినేవాణ్ణి.

పట్టు జారకుండా మా దగ్గర బార్లకు తేనె పూసి, పైన తెల్లపొడి అద్దుతారు. ఉడికించిన గోధుమరవ్వ జావ మీద బతికే ఆకలి పిల్లల మధ్య తేనె సీసా పెడితే ఏమవుతుంది? సగం బార్లకి, సగం కడుపుల్లోకి. పోటీకి ముందురోజు కోచ్ సీసా ఎత్తి చూసింది.

"తేనెటీగలొచ్చి వెనక్కి పట్టుకుపోయాయా?"

అమ్మాయిలంతా మూతులు తుడుచుకున్నారు. ఆవిడ వంటింటి నుంచి ఘాటైన ఆవముద్ద తెచ్చి సీసాలో కలిపేసింది.

"అదే బార్లకి పూస్తారా?" అంది అక్క.

"పూస్తా. బార్లకి నాలుకలున్నాయా?"

నాలుకలు లేవు గానీ, మర్నాడు ఒళ్లు వేడెక్కించుకుంటుండగా అక్క అరచేతి బొబ్బ చిట్లి చర్మం లేచిపోయింది. తోలుపట్టీలు కట్టుకుంటే బార్ చేతికి తెలియదని ఆమె ఎప్పుడూ ఒట్టి చేతులతోనే ఆడుతుంది.

"ఇన్నా ల్వోవ్నా, చెయ్యి చిరిగింది. వేరే తేనె ఉందా?"

"ఆ వేరే తేనె మీ పొట్టల్లో ఉంది. ఎక్కు. అంతా మంచే జరగాలి!"

"దయ్యం దగ్గరికి పొండి," అంది అక్క. శుభం కోరినవాళ్లకు అలా బదులివ్వడం మా ఆచారం. అంత మనస్ఫూర్తిగా ఇవ్వడం నేను వినడం మాత్రం అదే మొదలు.

మొదటి ఊపు బాగానే ఉంది. రెండో ఊపుకి ఆమె మొహం మారిపోయింది. ప్రతిసారీ పైన తలకిందులుగా నిలబడినప్పుడు ఆగి ఆలోచించడం అక్క జబ్బు, జడ్జీలు అక్కడే మార్కులు కోసేవాళ్లు. ఆ రోజు ఆలోచించే తీరిక ఎక్కడిది? కాలుగాలిన పిల్లిలా బార్ల మధ్య తిరిగింది. పై బార్ వదిలేసి గాల్లోంచి కింది బార్ అందుకోవాలి. వదలడం ఎలాగూ హాయే. ఆ మంటని మళ్లీ కావాలని పట్టుకోవడమే కష్టం.

పట్టుకుంది. దిగేటప్పుడు చిన్న అడుగు తడబడింది, అంతే. చేతులెత్తి, పళ్లన్నీ కనిపించేలా జడ్జీలకు నవ్వింది. బుగ్గల మీద కన్నీళ్లు కారిపోతున్నాయి. ఆనందబాష్పాలనుకుని ఒక జడ్జమ్మ తనూ కళ్లు తుడుచుకుంది.

అక్క వరండాలోని కుళాయి దగ్గరికి పరిగెత్తింది. నేను వెనకాలే వెళ్లాను. ఫలితం చెప్పేసరికి ఆమెదే మొదటి స్థానం. కోచ్ సీసా ఊపుకుంటూ వచ్చింది.

"ఎన్నేళ్లు అరిచినా రాని వేగం చెంచాడు ఆవాలకొచ్చిందే! ఛాంపియన్‌షిప్‌కీ ఇదే సీసా."

"అయితే నేను రాను."

"ఏమన్నావే?"

"ఇదే సీసా అయితే రాను. బెంచీ నాకు అలవాటే. కాదంటారా, ముందు మీరు దాన్ని నాలుకతో నాకి చూపించండి. అందరి ముందూ."

అమ్మాయిలంతా గుమ్మంలో గుమిగూడారు. ఇంతకాలం ఎదురుచూసిన చోటు చేతికందగానే విసిరికొడుతోంది, దీనికి పిచ్చా అనుకున్నాను. ఇన్నా ల్వోవ్నా వేలు మొత్తం సీసాలో ముంచి నోట్లో పెట్టుకుంది. మొహం బీట్‌రూట్ సూప్ రంగుకి తిరిగింది. కళ్లల్లో నీళ్లు నిండాయి. దగ్గలేదు.

"ఉప్పు తగ్గింది," అంది.

సీసాని చెత్తబుట్టలో పడేసి, మా వైపు తిరిగింది.

"కొత్త తేనె తెప్పించు. మీ తమ్ముణ్ణి పంపు, కాలేజీ మానేసి ఖాళీగానే తిరుగుతున్నాడుగా. రేపు పొద్దున్నే తూకం."