గాలిని కూడా తడి అన్న మీటరు

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో, గురజాల దగ్గర మా ఊళ్లో మిరపకాయ ఎండిందో లేదో తేల్చి చెప్పేది మా నాయనమ్మే. కల్లంలో ఆరబోసిన కాయల్లోంచి ఒకటి తీసి చెవి దగ్గర ఆడించేది. లోపల గింజలు గలగలమంటే గోతాలకెత్తమనేది. పక్క కల్లాల వాళ్లు కూడా ఆమె మాట మీదే కాయ ఎత్తేవాళ్లు.

నాకు అది మరీ నాటు పద్ధతి అనిపించింది. బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే ఆయన్ని ఊరంతా మామ అనేవాళ్లం. ఆదివారాలు ఆయన కొట్లో కూర్చుని, పాడైన టేప్‌రికార్డరులోని ముల్లు మీటరు, ఒక ట్రాన్సిస్టరు, బ్యాటరీ, రెండు మేకులు కలిపి తేమ కొలిచే మీటరు నా చేతులతో నేనే చేశాను. మేకులు కాయకు గుచ్చితే, తడి ఉంటే ముల్లు లేస్తుంది, లేకుంటే లేదు. మేకుల్ని చెక్కముక్కకు కొట్టి, ఆ చెక్కనే పట్టుకోమని మామ చెప్పాడు. అంతసేపు ఆగే ఓపిక నాకెక్కడిది?

ఆ రోజు సాయంత్రం లారీ గుంటూరు వెళ్లాలి. నాయనమ్మ అప్పటికే గోతాలు కుట్టించింది. నేను చేతికొక మేకు పట్టుకుని, ఒక గోతంలోంచి కాయ తీసి గుచ్చాను. ముల్లు చివరికంటా లేచింది. ఇంకో కాయ, అదీ అంతే. తడి అని ప్రకటించాను. మా తాతయ్యకు కరెంటుతో నడిచే దేని మీదైనా భక్తే.

"మిషను అబద్ధమెందుకు ఆడుద్దే" అని కుట్లన్నీ విప్పించి, కాయ మళ్లీ ఆరబోయించాడు.

కూలివాళ్లు తుమ్ముతూ నన్ను తిట్టుకున్నారు. నాయనమ్మ వెళ్లి గట్టు మీద అటు తిరిగి కూర్చుంది. పక్క కల్లం వాళ్లు ఆమెను దాటుకుని వచ్చి, మా కాయ కూడా చూడమ్మా అని నన్నడిగారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు గొప్పగానే ఉంది.

ఇంట్లోకి కాయలు కొందామని మామ సైకిలు మీద వచ్చాడు. సంగతి విని నవ్వలేదు. తాతయ్య చేతిలోని కర్రను కొలవమన్నాడు. తడి. ఎండలో కాలిపోతున్న పెంకుముక్క కొలవమన్నాడు. అదీ తడే. అప్పుడు తీరిగ్గా, "ఇప్పుడు దేనికీ తగిలించమాక. ఊరికే గాల్లో పట్టుకో అమ్మాయ్" అన్నాడు.

ముల్లు చివరికంటా లేచింది.

"గాలి కూడా ఆరలేదా ఏంది?" అన్నాడు మామ.

అప్పటికి వెలిగింది నాకు. కరెంటు నా చెమట చేతుల మీదుగా పోతోంది. పొద్దుటినుంచి నా మీటరు కొలుస్తున్నది నన్నే. మేకుల్ని చెక్కకు కొట్టి, చెక్క పట్టుకుని కాయకు గుచ్చాను. ముల్లు కదిలితే ఒట్టు.

వెళ్లి నాయనమ్మ ముందు నిలబడ్డాను. కాయ ఎండింది, తప్పు నాదే అన్నాను. అనేసరికి ఏడుపొచ్చింది. ఆమె రెండు చేతులతో నా తల పట్టుకుని, తన చెవి దగ్గరకు లాక్కుని, కాయను ఆడించినట్టే ఆడించింది.

"గలగలమనటం లేదే. ఇది ఇంకా చానా ఎండాల" అంది.

కల్లమంతా పడీపడీ నవ్వింది. తాతయ్యతో సహా అందరం కూర్చుని గోతాలు మళ్లీ కుట్టి, లారీ కదిలేలోగా ఎక్కించాం.

తర్వాత ఉద్యోగంలో ఎన్నో మీటర్లు పట్టాను. ఏది చేతికొచ్చినా ముందు గాల్లో పెట్టి చూడటం అలవాటు. ఎవరి మీదైనా కోపమొచ్చినా అంతే, మేకులు నా వేళ్ల మధ్య ఉన్నాయేమో చూసుకుంటాను. చూసుకోకుండా నోరు జారిన రోజున మాత్రం, నాయనమ్మ చేతులు వచ్చి నా తల ఆడించినట్టే ఉంటుంది. అరవై దగ్గరపడుతున్నా ఇంకా ఎండలేదు.