కృపానిధి సెలవు

సొంత కుక్కలే కృపానిధిని గుమ్మం దగ్గర ఆపేశాయి.

అతను లారీని సాలూరులో యజమాని జగన్నాధం షెడ్డులో అప్పగించి, సంచీ పట్టుకుని నడిచి వచ్చాడు. ఎప్పుడూ లారీతోనే వచ్చేవాడు. ఇల్లు ఒడిశా వెళ్లే రోడ్డు పక్కనే. మలుపులో హారన్ కొడితే రెండు కుక్కలూ రోడ్డెక్కేవి. క్యాబిన్‌లోంచి పరోటా ముక్కలు విసిరేవాడు. ఒక పూట పడుకుని మళ్లీ ఘాట్ ఎక్కేవాడు.

ఇప్పుడు ఎర్రది పళ్లు చూపించింది. నల్లది వెనక నిలబడి మొరిగింది. వాసన చూశాక ఊరుకున్నాయి. తోకలు మాత్రం ఊపలేదు.

ఆ రెంటినీ ఘాట్ రోడ్డు మీద సుంకి అనే ఊరి దగ్గర కళ్లు తెరవని పిల్లలుగా తీసుకున్నది అతనే. గేరు పక్కన పాత లుంగీలో పడుకోబెట్టి ఇంటికి తెచ్చాడు.

"నానెవడ్నే వీటికి?" అన్నాడు భార్యతో.

"లారీ లేకండా వస్తే మాకే పోల్చడం కష్టంగా ఉన్నాది," అంది గ్లోరీ.

కూతురు సుహాసిని నవ్వింది. అతను నవ్వలేదు. ఆ అమ్మాయికి తెచ్చిన చెప్పులు సంచీలోంచి తీశాడు. అవి పట్టలేదు. పాదం ఎప్పుడో పెరిగిపోయింది.

అతని కోపం అంతకుముందే, సెలవు అడిగిన రోజే మొదలైంది. డ్రైవర్లు చావుకో, జ్వరానికో, పెళ్లికో సెలవు అడుగుతారు. ఇతను ఊరికే వారం అడిగాడు.

"ఎవులు పోయార్రా?" అన్నాడు జగన్నాధం.

"ఎవులూ పోలేదు బాబూ. ఇంటికాడ ఉంటాను."

"ఇంటికాడ ఏటున్నాదిరా?"

ఆఫీసులో గుమాస్తా నవ్వాడు. టీ తెచ్చినవాడూ నవ్వాడు. ఇంటికి నడిచిన దారంతా కృపానిధి ఆ ప్రశ్నే నమిలాడు. ఇన్నేళ్లుగా ఎవరో తనని దోచుకుంటున్నారు, ఏం పోయిందో చెప్పమంటే తను చెప్పలేడు. ఈ వారంలో ఇంట్లోవాళ్లు తనని లారీ లేకుండా గుర్తుపట్టాలి. అతనికి కావలసింది అంతే.

యజమాని రోజూ ఫోన్ చేశాడు. మొదట మంచిగా, తర్వాత తిడుతూ. లోడు ఆగిపోయిందన్నాడు. ఇంకో డ్రైవరు ధనరాజ్ చేతికి బండి ఇచ్చానన్నాడు. కృపానిధి ఫోన్ బియ్యం డబ్బా మీద పెట్టేసి గోడకి సున్నం కొట్టాడు. సున్నం మీదా కోపమే, తిరగని ఫ్యాను మీదా కోపమే.

ఒక పొద్దున అందరినీ వేగావతి ఏటికి తీసుకెళ్లాడు. మోకాలి లోతు నీళ్లలో కుక్కలకి సబ్బు రాశాడు. నల్లది జారి ముందుకాళ్లతో అతని భుజం పట్టుకుంది. సుహాసిని నీళ్లు చల్లింది. గ్లోరీ నీళ్లలో కాళ్లు పెట్టుకుని చర్చిలో పాటలు పాడేవాళ్ల మధ్య వచ్చిన తగువు మొదట్నుంచీ చెప్పింది. భార్య చెప్పే మాట చివరిదాకా వినడం అతనికి కొత్త. ఆ సాయంత్రం ఎర్రది వచ్చి అతని కాళ్ల దగ్గర పడుకుంది. అది లేస్తుందేమోనని అతను కాలు కదపలేదు.

మర్నాడు మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని అన్నం తింటున్నారు. మలుపులో హారన్ మోగింది. అతని లారీ హారన్.

కుక్కలు అతని కంచం మీదుగా దూకి రోడ్డెక్కాయి. ఎదురుగా వస్తున్న ట్యాంకరు బ్రేకు వేసింది. టైర్లు అరిచాయి. సుహాసిని కళ్లు మూసుకుంది. కుక్కలు బతికాయి. లారీ ఇంటి ముందు ఆగింది. ఎర్రది క్యాబిన్ మెట్టు మీద ముందు కాళ్లు వేసి తోక ఊపింది.

కృపానిధి మెతుకుల చేత్తోనే వెళ్లాడు. స్టీరింగ్ దగ్గర ధనరాజ్ తల వంచుకుని కూర్చున్నాడు.

"హారన్ ఎందుకు కొట్టేవు?"

"నాదేటి లేదు మావా. మలుపులో హారన్ కొట్టు, కుక్కలొస్తాయి, ఎనకాల ఆడూ వస్తాడు అన్నాడు జగన్నాధం బాబు."

సీటు కింద పానా ఎక్కడుంటుందో కృపానిధికి తెలుసు. తీసుకుని క్యాబిన్ పైకెక్కాడు. రాయపూర్‌లో తను కొని తన చేత్తో బిగించుకున్న హారన్ అది. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. వేళ్లు చెక్కుకుపోయాయి. చివరి బోల్టు రాకపోతే హారన్‌ని పట్టుకుని పెరికాడు. రేకు చిరిగింది. ధనరాజ్ దిగి కిందనుంచి చూశాడు, అడ్డు చెప్పలేదు. తర్వాత ఫోన్‌లో యజమానికి జరిగింది జరిగినట్టు చెప్పి, కృపానిధికి ఫోన్ అందించాడు.

"బండి పాడు సేస్తావురా?" అన్నాడు జగన్నాధం.

"బండి మీది బాబూ. హారన్ నాది. సెలవయ్యాక వస్తాను. వద్దంటే మానేస్తాను. నా ఇంటోల్ని మాత్రం మీరు పిలవకండి."

అవతల తిట్లు మొదలయ్యాయి. అతను ఫోన్ ధనరాజ్ చేతిలో పెట్టాడు. లారీ చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది.

గ్లోరీ వేరే కంచంలో అన్నం పెట్టింది. పని పోతుందేమో అంది. పోతుందన్నాడు. ఆమె చారు పోసింది.

నల్లది లోపలికి వచ్చేసింది. ఎర్రది రాలేదు. రోడ్డు అంచున కూర్చుని ఘాట్ వైపు చూస్తోంది. సుహాసిని పిలిచింది, కదలలేదు. కృపానిధి వెళ్లి దాని పక్కనే దుమ్ములో కూర్చున్నాడు. కోపం తగ్గలేదు. లారీ వచ్చినప్పుడల్లా కుక్క లేవబోయేది. అతను దాని మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టుకునేవాడు. పొద్దు వాలేదాకా లారీలు వస్తూనే ఉన్నాయి.