అడ్డుతెర

బట్టలు కుట్టే ఆ తల్లికి, ఆలోచనలో పడితే చీర అంచును జానతో కొలిచే అలవాటు. ఎనిమిది నెలలుగా కోర్టు వరండాలో కూర్చుని అలా కొలుస్తూనే ఉంది. పక్కన పదకొండేళ్ళ కూతురు. ఆ పిల్లమీద చెయ్యి వేసిన ట్యూషన్ మాస్టారు ఎదుటి బెంచీ మీద కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకునేవాడు. సాక్ష్యం చెప్పేటప్పుడు పిల్లకు అతను కనబడకుండా తెర కట్టాలని చట్టంలో ఉందట. వకీలు చెప్పిన ఆ ముక్కను ఆమె కంఠతా పట్టింది. కోర్టు గుమాస్తాది మాత్రం ఒకటే పాట: "తెర లేదమ్మా, ఇలాగే చెప్పించు." రెండు వాయిదాల్లోనూ అతన్ని చూడగానే పిల్లకు నోరు పెగల్లేదు. మూడో వాయిదాకు ఆమె ముదురు నీలం గుడ్డ రెండు పొరలు వేసి తెర కుట్టి తెచ్చింది. కోర్టు హాలు గుమ్మంలో గుమాస్తా అడ్డుపడ్డాడు.

"ఇది మేం పెట్టాలి గానీ, నువ్వు తెస్తే ఎలాగమ్మా?"

"పెట్టాల్సింది మీరేనని తెలుసన్నమాట! తెలిసే నా బిడ్డను రెండుసార్లు వాడి ముందు నిలబెట్టారా?"

ఆ గొంతుకు లోపల జడ్జిగారు తలెత్తారు. సంగతి విని, తెర కట్టించారు. దాని వెనక పిల్ల మొదట సన్నగా, తర్వాత గట్టిగా, జరిగిందంతా చెప్పింది. సాయంత్రం తల్లి తెర ముడి విప్పుతుంటే గుమాస్తా దగ్గరకొచ్చాడు.

"ఉంచి వెళ్ళమ్మా. ఎల్లుండి ఇంకో పాప వస్తోంది."

ఆమె చేతులు ఆగిపోయాయి. "మరి ఇన్నేళ్ళూ వచ్చిన పిల్లలో?"

ఆమె ముడిని మళ్ళీ బిగించి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.